శ్రీశైలానికి వాయవ్యాన

ఆ శనివారం ఉదయం లండన్ డౌన్‌టౌన్‌లో, పాత మార్కెట్ భవనం ముందు ఉన్నవీ ఉన్నవాళ్లూ: ఎర్ర తువ్వాలు కట్టిన గొడుగు. పులిహోర పొట్లాల సంచి. మడత కుర్చీ. నేను. నా రూమ్మేట్ శ్రావణ్, రాత్రి షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చి కాఫీ కప్పు పట్టుకుని నిలబడినవాడు. కాలేజీలో టూరిజం చదివే ముగ్గురు: ఒక పంజాబీ అమ్మాయి, ఒక కొలంబియా కుర్రాడు, ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ. మా ఇంటి ఓనరుగారి తల్లి, మేమంతా బామ్మగారు అని పిలిచే పెద్దావిడ, పట్టుచీర మీద కొడుకు చలికోటు, తల మీద మనవడి ఊలు టోపీ. మార్కులు వేయడానికి వచ్చిన మేడమ్, మెడలో స్టాప్‌వాచ్‌తో. రోడ్డు పక్కన మార్చి చివరి మంచు, నల్లబడి.

వీళ్లందరికీ ఎదురుగా, వీధికి వీపు పెట్టి, ఆయన. గొడుగు పైకెత్తి ఇంగ్లిష్‌లో మార్సెయ్ నగరానికి స్వాగతం చెప్పాడు. ఆ వెంటనే, బాత్రూమ్ మార్కెట్ లోపల, కుడివైపు చేపల దుకాణం పక్కన ఉందని, మళ్లీ గంటదాకా దొరకదని చెప్పాడు.

ఈ లండన్ ఇంగ్లండ్‌ది కాదు, ఒంటారియోది. ఇక్కడా థేమ్స్ నది ఉంది, ఆక్స్‌ఫర్డ్ వీధి ఉంది, పికడిలీ ఉంది. ఎప్పుడో ఓడ దిగినవాళ్లు తాము వదిలివచ్చిన పేర్లన్నీ తెచ్చి ఇక్కడ తగిలించారు. అలాంటి ఊళ్లో నిలబడి ఒక మనిషి, ఇది మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న ఫ్రెంచి రేవు పట్టణం అంటే మాకు పెద్ద వింతగా అనిపించలేదు. ఇప్పటికే ఒక ఊరిని మోస్తోంది, ఇంకోటి మోయలేదా అన్నాడు శ్రావణ్.

ఇదంతా ఇవాళ గుర్తొచ్చింది. నేనిప్పుడు మిల్టన్‌లో ఉంటున్నాను, టొరంటోకి రైల్లో వెళ్లొస్తాను. ఈ ఉదయం మా పెట్టెలోకి బడిపిల్లలు ఎక్కారు. వాళ్ల టీచర్ ఒక్కొక్కరి తల వైపు వేలు చూపిస్తూ లెక్కపెడుతోంది. వద్దండీ అనబోయి ఆగాను. మనుషుల్ని వేలితో లెక్కపెట్టకూడదు, ఆయుష్షు తరుగుతుంది అనేవాడు ఆయన. మరి గుంపును ఎలా లెక్కించాలి? వస్తువులతో. చేతికర్ర ఉంది, ఫ్లాస్కు ఉంది, నల్లద్దాలున్నాయి, ఆకుపచ్చ శాలువా ఉంది, ఇద్దరివీ కలిపి ఒకే సంచీ ఉంది. వస్తువులు సరిపోతే మనుషులు సరిపోయినట్టే.

పేరు రాయడం లేదు. మేమూ పేరు పెట్టి పిలిచింది లేదు. అందరికీ అన్నే. మా కన్నా పదేళ్లు పెద్ద. కాలేజీలు మన పిల్లలతో నిండిపోయి, ఒక్కో బేస్‌మెంట్‌లో ఐదారుగురు సర్దుకుంటున్న ఆ ఏళ్లలో, ఇరవై రెండేళ్లవాళ్ల మధ్య ముప్పై మూడేళ్ల విద్యార్థిగా వచ్చాడు. అంతకుముందు ఏం చేశాడో నాకు పూర్తిగా తెలియదు. తెలిసిందల్లా, జగిత్యాల నుంచి కాశీకీ రామేశ్వరానికీ తిరిగే యాత్ర బస్సుల్లో ముందు సీటు మనిషిగా చాలాకాలం పనిచేశాడని. ఆ బస్సుల సంగతి తెలిసిందే. వెనక డిక్కీలో వంటపాత్రలు, గ్యాసు బండలు. లోపల ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. ముందు సీటు మనిషి వాళ్లను గుడికి తీసుకెళ్లాలి, స్నానాలు చేయించాలి, చెప్పులు కాపలా కాయాలి, మాత్రలు గుర్తుచేయాలి, తప్పిపోయినవాళ్లను వెతకాలి. ఆ బస్సులకు ఒకటే చట్టం: లెక్క సరిపోయేదాకా బండి కదలదు.

ఆ అలవాట్లన్నీ ఆయనతోపాటు లండన్ వచ్చాయి. మాట్లాడుతూ వెనక్కి నడిచేవాడు. నడుస్తున్న బస్సులో, మనుషుల వైపు తిరిగి, సీట్ల మధ్య వెనక్కి అడుగులేస్తూ చెప్పడం అలవాటట. మా బేస్‌మెంట్‌లో పొయ్యి నుంచి సింకు దాకా కూడా గరిటె పట్టుకుని అలాగే వెనక్కి వెళ్లేవాడు, ఒక్కసారి కూడా దేనికీ తగిలింది లేదు. సరుకుల కోసం పెద్ద దుకాణానికి వెళ్తే లోపల ఒక సొరకాయ తీసి పైకెత్తి పట్టుకునేవాడు. ఎక్కడ సొరకాయ కనిపిస్తే అక్కడికి మేం చేరాలి. మొదట్లో సిగ్గుపడి దూరంగా నడిచేవాళ్లం. రెండు నెలల తర్వాత ఆ సొరకాయ కనిపించకపోతే దిక్కు తోచేది కాదు.

ఆయనకు కొన్ని మాటలుండేవి. చరిత్ర ఎక్కడికీ పోదు, ముందు మంచినీళ్లు తాగండి అనేది ఒకటి. ఇంకొకటి నేను ఇప్పటికీ వాడతాను: "యాత్రల చూసింది గుర్తుండదు తమ్ముడూ, కూసున్న జాగ గుర్తుంటది."

ఆ రెండో మాటే ఆయన్ని ముంచింది. టూరిజం కోర్సు చివర ఒక పరీక్ష ఉంటుంది. చీటీలో ఏదో ఊరు వస్తుంది. ఆ ఊరిలో ఒక రోజు టూర్‌ను, ఈ లండన్ వీధుల మీదే, తొంభై నిమిషాలకు కుదించి నడిపించాలి. ఆరు స్థలాలు చూపించాలి. మొదలుపెట్టేటప్పటికి కనీసం ఆరుగురు యాత్రికులుండాలి. వందకు అరవై వస్తే పాస్. మొదటిసారి ఆయనకు లిస్బన్ వచ్చింది. ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ మెట్లు తక్కువ, ఎండ ఎటు పడుతుంది అన్నవి చెబుతూ మూడో స్థలం దగ్గరే సమయం అయిపోయింది. మీరు మనుషుల్ని బాగా చూసుకుంటారు, కానీ ఊరిని చూపించరు అందట మేడమ్. రెండోసారి తప్పితే కోర్సు పోతుంది. కోర్సు పోతే స్టడీ పర్మిట్ పోతుంది. పర్మిట్ పోతే విమానం ఎక్కాలి. ఈ మూడు మెట్లూ ఇంట్లో అందరికీ తెలుసు.

రెండో చీటీలో మార్సెయ్ వచ్చింది. ఆ రోజు రాగానే, ఇది ఎక్కడుందో జర చూడు తమ్ముడూ అని నా పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మ్యాపులో వీధి ఫొటోలు తెరిచి, బాణం గుర్తు నొక్కితే ముందుకు ఎలా నడవాలో చూపించాను. అంతే, ఆ జనవరి నుంచి మార్చి దాకా ఆయన మా మధ్య సగమే ఉన్నాడు.

పొద్దున్నే టీ గ్లాసుతో కూర్చుని రేవు గట్టు వెంట నడిచేవాడు. బయట మా చిన్న కిటికీకి అద్దం సగం దాకా మంచు పేరుకుని ఉండేది, లోపల ఆయన ముఖం మీద నీలం వెలుగు. పడవలు ఆనుకుని పడవలు, వాటి తెరచాప కొయ్యలు నారుమడిలా. ఒక చోట పసుపు గౌను వేసుకున్న ఆడమనిషి చేతిలో కూరగాయల సంచితో రోడ్డు దాటుతూ ఉంటుంది. ముఖం మసకగా ఉంటుంది, ఫొటో తీసినవాళ్లు అలా చెరిపేశారు. ఆయన ఆమెను అక్క అనేవాడు. ఆ అక్క ఇంకా రోడ్డు దాటలేదు అని చెప్పి పనికి బయల్దేరేవాడు. ఒక సందులో మబ్బు పట్టి ఉంటుంది, మలుపు తిరగగానే ఎండ. వేరువేరు కాలాల్లో తీసిన ఫొటోలను అతికించారని నేను వివరించాను. ఆయన విన్నాడు గానీ ఒప్పుకోలేదు. గట్లా సందు తిరిగితే రుతువు మారే ఊళ్లు ఉంటయి, మా కాశీల కూడా అంతే అన్నాడు.

ఫోన్‌లో కూడా మార్సెయ్ వాతావరణమే పెట్టుకున్నాడు. ఇక్కడ సున్నాకు ఇరవై కింద ఉంటే, ఇవాళ గాలి ఎక్కువుంది గానీ వెచ్చగనే ఉంది అని చేతి తొడుగులు మరిచి వెళ్లేవాడు. ఒకరోజు స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చుని, మేమెవరం అడక్కపోయినా, మార్సెయ్‌లో కొండ మీద ఉన్న చర్చి, ఆయన దాన్ని గుడి అనేవాడు, అక్కడ సాయంత్రం గంట కొట్టగానే పావురాలన్నీ ఒకేసారి లేస్తయని చెప్పాడు. ఫొటోల్లో గంట ఎలా వినిపించిందని ఎవరూ అడగలేదు.

ఊరి మీద ఊరిని ఆయనే అమర్చాడు. మార్కెట్‌లో చేపల దుకాణం, ఆ ఊరి రేవు గట్టు మీద తెల్లవారుజామున సాగే చేపల సంత. దుకాణాల వెనక సందు, అక్కడి పాత పేట. మార్కెట్ పక్క బల్ల, ఆ ఊరు పుట్టిన రాజసభ. నదులు కలిసే చోటు, రేవు. దాని పక్కన కోటలాగే కట్టిన పాత కోర్టు భవనం, సముద్రంలో ద్వీపం మీద ఉన్న జైలు కోట. ఐదంతస్తుల పార్కింగ్ భవనం కొండ, దాని పైకప్పు కొండ మీది గుడి. ఆ గుడే ఆరో స్థలం. దానికి విడిగా ఇరవై మార్కులు.

శనివారం కావడంతో అందరికీ షిఫ్టులు. యాత్రికులు ఐదుగురే దొరికారు. శుక్రవారం సాయంత్రం ఆయన పైఅంతస్తుకు వెళ్లి బామ్మగారిని అడిగాడు. ఆవిడది రాజమండ్రి. నవంబరులో కొడుకు దగ్గరికి వచ్చినప్పటి నుంచి ఆసుపత్రికి తప్ప బయటికి వెళ్లింది లేదు. కొడుకు, చలిలో ఎందుకమ్మా అన్నాడట. ఆవిడ ఏం చూపిస్తావని మాత్రం అడిగింది. సముద్రం చూపిస్తానన్నాడు ఆయన.

మొదటి గంట నేను ఎప్పుడూ మరిచిపోను. చేపల దుకాణం గాజుపెట్టె ముందు, తెల్లవారుజామున పడవలు రాగానే ఆడవాళ్లు బల్లలు వేసుకుని ఎలా కేకలు పెడతారో చెప్పాడు. ఐసు మీద ఉన్న చేప కన్ను మమ్మల్నే చూసింది. సంచిలోంచి పచ్చని సబ్బు తీసి చేతులు మార్చమన్నాడు, ఆ ఊళ్లో వందల ఏళ్లుగా ఆలివ్ నూనెతో చేసే రకం. ఒకరి తర్వాత ఒకరం వాసన చూశాం. శ్రావణ్ కళ్లు మూసుకుని చాలాసేపు పట్టుకున్నాడు, నిద్ర పోతున్నాడేమో అనుకున్నాను. వెనక సందులో తలెత్తి చూడమన్నాడు. కరెంటు తీగలకు మంచు కడ్డీలు వేలాడుతున్నాయి. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తాళ్లు కట్టి బట్టలు ఆరేస్తారు, దుప్పట్లు, చిన్నపిల్లల చొక్కాలు అన్నాడు. అందరం తలలు వంచి, తడిబట్టలు తగలకుండా నడిచాం. మేడమ్ కూడా వంచింది.

మార్కెట్ పక్క బల్ల దగ్గర మడత కుర్చీలో బామ్మగారిని కూర్చోబెట్టి, పులిహోర పంచుతూ ఆ ఊరు పుట్టిన కథ చెప్పాడు. ఒక వాక్యం ఇంగ్లిష్‌లో, ఒక వాక్యం తెలుగులో. రెండు వేల ఆరువందల ఏళ్ల కింద ఆ ఒడ్డున ఒక రాజు కూతురికి స్వయంవరం. చేతిలో పాత్రతో పిల్ల సభలోకి వచ్చింది. ఎవరికి అందిస్తే వాడే వరుడు. సరిగ్గా అదే రోజు గ్రీకు దేశం నుంచి ఒక ఓడ వచ్చింది. అందులో దిగిన పరదేశి కుర్రాడు, పెళ్లి భోజనానికి పిలిస్తే మూలన కూర్చున్నాడు. పిల్ల అందరినీ దాటుకుని వచ్చి ఆ పాత్ర వాడి చేతికిచ్చింది. కట్నంగా ఇచ్చిన నేల మీద కట్టిందే మార్సెయ్.

"దిగిన రోజే పీఆర్," అన్నాడు శ్రావణ్.

"ఆళ్లది ఏ స్ట్రీమ్ అన్నా?" అని నేనూ కలిపాను. శాశ్వత నివాసానికి ఏ స్ట్రీమ్‌లో దరఖాస్తు పెట్టాలన్నదే అప్పట్లో మా అందరి బెంగ.

పంజాబీ అమ్మాయికి ఆ ముక్కలు అనువదిస్తే పులిహోర గొంతులో అడ్డుపడేలా నవ్వింది. బామ్మగారు నవ్వలేదు. ఆవిడ ఆలోచిస్తోంది. ఆ పిల్ల ముందే కిటికీలోంచి చూసుంటుంది నాయనా, లేకపోతే అలా ఇవ్వదు అంది. ఆయన ఆ మాటను ఇంగ్లిష్‌లోకి మార్చి, ఇది చరిత్రకారులు రాయని సంగతి అని మేడమ్‌కు చెప్పాడు. మేడమ్ మెడలోని గడియారం చూపించింది. ఆయన తల ఊపి, మొదటిసారి మా ముందు వేగంగా నడిచాడు, వెనక్కే.

నదులు కలిసే చోటికి చేరేసరికి ఇంకా ఇరవై నిమిషాలకు పైగా ఉంది. ఈసారి గట్టెక్కుతాడని నాకు నమ్మకం కలిగింది. గట్టున నీళ్లకు ఎదురుగా అందరినీ నిలబెట్టి గొడుగు చాచాడు. ఆ రోజు ఆకాశం నది రంగులోనే ఉంది, అవతలి ఒడ్డు మంచులో కలిసిపోయింది. ఆ చెయ్యి ఎటు చూపించిందో అటంతా నీళ్లే ఉన్నట్టు ఉంది. ఇదీ సముద్రం అన్నాడు, నెమ్మదిగా, రెండు భాషల్లో. తర్వాత మమ్మల్ని కోర్టు భవనం వైపు తిప్పి జైలు కోట సంగతి ఎత్తుకున్నాడు. కొలంబియా కుర్రాడు ఏదో అడిగాడు, జవాబు చెప్పాడు. ఇక కొండ ఎక్కుదామని ఎప్పటిలాగే లెక్క మొదలుపెట్టాడు. కాఫీ కప్పు ఉంది, నీలం బ్యాగు ఉంది, కెమెరా ఉంది, ఎర్ర బూట్లున్నాయి, తమ్ముడి కళ్లజోడు ఉంది. మడత కుర్చీ ఉంది, ఖాళీగా.

మేడమ్ అడక్కుండానే చెప్పింది, ఆరుగురన్న నిబంధన మొదలుపెట్టేటప్పటికే, ఒకరు తగ్గినా టూర్ చెల్లుతుందని. నేను వెతికి తెస్తాను, నువ్వు మిగతావాళ్లను తీసుకెళ్లు అని ఆయనతో అన్నాను. అప్పటికే ఆయన గట్టు దిగుతున్నాడు.

బామ్మగారు నీటి అంచున ఉంది. కోటు విప్పి ఒక రాతి మీద మడతపెట్టింది. బూట్లు విడిచి పక్కన పెట్టింది. సాక్సులతో మంచు మీద నిలబడి, కొంగు ముడి విప్పి పసుపు కుంకుమ పొట్లాలు తీస్తోంది. అంచున మంచు పలక నీళ్ల మీదికి అంగుళం మందాన సాగి ఉంది. శ్రావణ్ కాఫీ కప్పుతోనే పరుగెత్తి వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. పైనుంచి మేడమ్ జాగ్రత్త జాగ్రత్త అంటూనే దిగి వచ్చింది.

"సముద్రం ఎదురుగా నిలబెట్టి కోట కథ చెబుతావేం నాయనా," అంది బామ్మగారు. కోపంగా కాదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "ఇంతదూరం వచ్చి తలమీద నాలుగు చుక్కలు వేసుకోకుండా పోతారా ఎవరైనా?"

మేడమ్ ఆయనతో స్పష్టంగా చెప్పింది. పదిహేను నిమిషాలుంది. ఆవిడను పైకి తెచ్చి ఇప్పుడే కదిలితే ఆరో స్థలం అందుతుంది. నేను మనసులో లెక్క వేశాను. గుడి లేకపోతే ఇరవై పోతాయి, సమయానికి పది పోతాయి, మిగిలిన డెబ్బైలో అరవై రావాలి. ఆ మేడమ్ దగ్గర అలా ఎవరికీ వచ్చినట్టు వినలేదు.

"అన్నా, పోదాం," అన్నాను. "బామ్మగారికి రేపు నేను చూపిస్తా. నీకు ఇంకో రేపు లేదు."

ఆయన పార్కింగ్ భవనం వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆవిడ సాక్సుల వైపు చూశాడు.

"సగంల లేపితే యాత్ర కాదు తమ్ముడూ," అన్నాడు. ఆవిడ వైపు తిరిగి, "బామ్మగారు, సంకల్పం చెప్పుకున్నరా?"

"నాకు రాదు నాయనా. మా వారు చెప్పేవారు."

ఆయన మొదట ఆవిడకు బూట్లు తొడిగాడు. కోటు వేశాడు. మడత కుర్చీ తెప్పించి గట్టి నేల చూసి వేసి, కూర్చోబెట్టాడు. శ్రావణ్ కాఫీ కప్పు ఖాళీ చేయించి కడిగి, మంచు పలక పగిలిన చోట ముంచి నీళ్లు తెచ్చాడు. ఆయనేమీ పూజారి కాదు, బస్సు తరపున ప్రతి రేవులోనూ విని విని నేర్చుకున్న మనిషి. ఆవిడ కుడిచేతిలో చెంచాడు నీళ్లు పోసి మొదలుపెట్టాడు. గొంతు మారిపోయింది. మాతో మాట్లాడే గొంతు కాదు, ఎక్కడో పెద్ద గుంపులో వెనకవాళ్లకు వినిపించడానికి అలవాటైన గొంతు.

సంకల్పంలో ముందు కాలం చెబుతారు, తర్వాత స్థలం. నీళ్లు ముట్టుకునే ముందు మనిషి తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో చెప్పుకోవాలి. ఏ ద్వీపం, ఏ ఖండం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల మధ్య. కాలం దాటి, శ్రీశైలస్య అన్నాడు, అక్కడ ఆగిపోయాడు. నా వైపు చూశాడు.

"శ్రీశైలానికి ఇది ఏ దిక్కు తమ్ముడూ?"

అందరూ నా వైపు తిరిగారు. నాకు రెండు జవాబులు తెలుసు. భూగోళం మీద దారం పట్టి చూస్తే శ్రీశైలం నుంచి లండన్ దాదాపు నేరుగా ఉత్తరం, ధ్రువం పక్కనుంచి రావాలి. మార్సెయ్ అయితే కచ్చితంగా వాయవ్యం. నేను ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ని, కొలతల్లో తప్పు చెప్పడం నాకు అలవాటు లేదు. నది వైపు చూశాను. మంచుపొగలో అవతలి ఒడ్డు లేదు. గాలి ఎక్కువుంది, కానీ ఎందుకో వెచ్చగా ఉంది. వేలి చివర్లకు ఇంకా సబ్బు వాసన.

"వాయవ్యం," అన్నాను.

"శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే," అన్నాడు ఆయన. "మధ్యధరా సముద్ర తీరే. మార్సెయ్ నగరే." ఎక్కడా తడబడలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ రేవుకు బస్సులు తోలుకొచ్చిన మనిషిలా చెప్పాడు. ఆవిడ గోత్రం, ఆవిడ భర్త పేరు, ఆవిడ పేరు అడిగి కలిపాడు. పేర్లు ఆవిడ చిన్నగా చెప్పింది, ఆయన పెద్దగా పలికాడు.

మేడమ్ నా పక్కకు వచ్చి ఏం జరుగుతోందని అడిగింది. నీళ్లు తాకే ముందు మా వాళ్లు తాము ఎక్కడున్నారో ప్రకటించుకోవాలని చెప్పాను. ఎక్కడున్నామని చెప్పాడు అని అడిగింది. మార్సెయ్ అన్నాను. ఆమె కొంచెం సేపు నది వైపు చూసింది. అప్పుడే ఆమె మెడలోని గడియారం ఒకసారి సన్నగా మోగింది. ఆమె దాన్ని నొక్కి ఆపింది.

బామ్మగారు పసుపు కుంకుమ నీళ్లలోకి వదిలింది. మంచు పలక అంచున కొంచెం ఎరుపు, కొంచెం పసుపు కాసేపు తిరిగి, విడిపోయి, పక్కపక్కనే వెళ్లిపోయాయి. కప్పులో నీళ్లు తలమీద చల్లుకుంది. చివరి చుక్క నాలుక మీద వేసుకుని ఆలోచించింది.

"ఉప్పగా లేదు నాయనా."

"మంచు కరుగుతున్నది కదా బామ్మగారు," అన్నాడు ఆయన. "మంచినీళ్లు పైన తేలుతయి. ఉప్పు అడుగున ఉంటది."

ఆవిడ ఒప్పుకుంది. తర్వాత కప్పు పట్టుకుని ఆయన వరసగా అందరి దగ్గరికీ వచ్చాడు. ఫిలిప్పీన్స్ ఆవిడ శిలువ గుర్తు వేసుకుని తల వంచింది. కొలంబియా కుర్రాడు టోపీ తీశాడు. ఆయన మేడమ్‌ను దాటి వెళ్లబోయాడు. ఆమె ఆపింది. కుడిచేతి తొడుగు తీసి, అరచెయ్యి ముందుకు చాచింది. ఆయన ఆ చేతిలో నాలుగు చుక్కలు పోశాడు. వాటిని ఏం చేయాలో తెలియక ఆమె పక్కవాళ్లను చూసి, జుట్టు మీద రాసుకుంది. అప్పుడు తొడుగు వేసుకుని, కాగితం మీద తలవంచి రాయడం మొదలుపెట్టింది.

పార్కింగ్ భవనం పైకి ఎవరం వెళ్లలేదు. గుడి గురించి చెప్పాల్సింది తిరుగు బస్సులో చెప్పాడు, బామ్మగారి ముందు సీటులో వెనక్కి తిరిగి కూర్చుని. కొండ మీద ఆ గుడిలో పైకప్పు నుంచి చిన్నచిన్న ఓడలు వేలాడుతూ ఉంటాయట. తుఫానులో చిక్కి బతికి వచ్చిన నావికులు, తాము ఎక్కిన ఓడ లాంటిదే చిన్నది చెక్కించి, అమ్మవారికి మొక్కు చెల్లించి కట్టినవి. తలుపు తెరిస్తే గాలికి అన్నీ కలిసి కదులుతాయట. పిల్లలు పుడితే ఊయలలు కట్టినట్టన్నమాట అంది బామ్మగారు. అంతే అన్నాడు ఆయన. శ్రావణ్ నిద్రపోయాడు. బస్సు ఆక్స్‌ఫర్డ్ వీధి మీద పోతోంది. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను, ఒక మలుపు దగ్గర నిజంగానే ఎండ వచ్చింది.

బామ్మగారు వేసవిలో రాజమండ్రి వెళ్లిపోయింది. అక్కడ అందరికీ ఫ్రాన్స్‌లో సముద్రస్నానం చేశానని చెబుతోందట. మొదట్లో ఫోన్‌లో సరిదిద్దేవాణ్ని, ఇప్పుడు మానేశానని ఆమె కొడుకు ఆ తర్వాత ఎప్పుడో నాతో అన్నాడు.

మార్కులు బుధవారం సాయంత్రం వచ్చాయి. ఆయన పొయ్యి దగ్గర పోపు వేస్తున్నాడు, చేతులు ఖాళీ లేవు, నన్నే చూడమన్నాడు. లాప్‌టాప్ తెరిచాను. బాత్రూమ్‌లు, కుర్చీలు, మంచినీళ్లు అన్న చోట పూర్తి మార్కులు. కథనంలో పూర్తి మార్కులు. సమయపాలనలో సున్న. ఆరో స్థలంలో సున్న. యాత్రికుల భద్రత కింద, ఒక పెద్దావిడ నీటి అంచుకు ఒంటరిగా వెళ్లినందుకు, పదమూడు కోత.

"ఎంత తమ్ముడూ?" అన్నాడు, ఇటు తిరగకుండా.

యాభై ఏడు.